చదివి వినిపించగా ఒప్పుకున్న నిశానీ

మా తాతయ్యకు సంతకం రాదు. ఎడమచేతి బొటనవేలికి సిరా పూసుకుని షావుకారు నోటు మీద అద్దేవాడు. అప్పు తీర్చేసి వెనక్కి తెచ్చుకున్న నోట్లు రెండు, వెనకవైపు చెల్లు రాసినవి, ఆయన పోయాక ట్రంకుపెట్టెలో దొరికాయి. రెవెన్యూ స్టాంపు మీద సగం, కాగితం మీద సగం పడిన వేలిముద్ర. దాని పక్కనే దస్తూరి రాసినాయన గొలుసుకట్టు రాత: చదివి వినిపించగా సరి అని ఒప్పుకొని వేసిన నిశానీ. కింద ఇద్దరు సాక్షులు.

నిజంగా చదివి వినిపించారా అన్నది దేవుడికెరుక. నూటికి రెండు రూపాయల వడ్డీ అని నోటితో చెప్పి, కాగితం మీద మూడు అని రాసుకున్నారని తాతయ్యకు బాకీ తీర్చేనాడు తెలిసిందట. ఊళ్ళో ఆయన్ని 'వేలిముద్రగాడు' అనేవాళ్ళు. ఆ మాట పడలేకే మా నాన్నను బళ్ళో వేశాడు. నాన్న నన్ను కాలేజీకి పంపాడు. రెండు తరాల చదువు, ఇంట్లో గోడకు వేలాడే మూడు డిగ్రీలు. ఇంతా చేసి నేనేం చేస్తున్నాను? అదే బొటనవేలు. సిరా మాత్రం లేదు.

పొద్దున లేచింది మొదలు నొక్కుతూనే ఉన్నాను. కరెంటు బిల్లు కట్టాలంటే నొక్కు, బస్సు టికెట్టు కావాలంటే నొక్కు. మాగాయకు ఉప్పు ఎంత వేయాలో చూద్దామని తెరిస్తే ముందు 'కుకీలను అంగీకరించండి' అంటుంది. కుకీ అంటే మా అమ్మకు తెలిసింది బిస్కెట్టు. ఆవిడ చూసిన వంటల నుంచి కొన్న కుక్కరు దాకా వెంటపడి రాసుకునే గుమాస్తా అని ఆ తెర మీద తెలుగులో ఎవడూ రాయడు. డాక్టరు అపాయింట్‌మెంటు యాప్ నా ఫోనులో ఉన్న నెంబర్లన్నీ చూస్తానంటుంది. పంచాంగం యాప్ మైకు అడుగుతుంది. రాహుకాలం ఎప్పుడో చెప్పడానికి నా గొంతుతో దానికేం పని?

అన్నిటి కిందా ఒకే బొత్తాం: 'చదివాను, అర్థం చేసుకున్నాను, అంగీకరిస్తున్నాను.' మూడు క్రియలు, మూడూ బొంకులే. చెప్పేవాడికి తెలుసు బొంకని, చెప్పించుకునేవాడికి తెలుసు, దాన్ని 'సమ్మతి' అని చట్టంలోకి ఎక్కించినవాడికి ఇంకా బాగా తెలుసు. ముగ్గురికీ తెలిసిన బొంకు మీద ఒక మహా వ్యాపారం నడుస్తోంది. ఆ వ్యాపారాన్ని అదుపు చేస్తామంటూ వచ్చిన సమాచార రక్షణ చట్టం కూడా ఆ బొంకునే పునాదిరాయిగా వేసుకుంది. నా కోపమంతా దాని మీదే.

ముందు ఒక రకం పెద్దమనుషుల సంగతి తేల్చాలి. 'చదవకుండా నొక్కింది నువ్వే కదా, తప్పెవరిది?' అని అడుగుతారు వీళ్ళు, పూర్వం షావుకారు అరుగు మీద కూర్చుని తాతయ్యను అడిగినట్టే. చదవడానికి ఎంతసేపు పడుతుందో ఎవరైనా లెక్క చూశారా? చూశారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లోనే లెక్కగట్టారు: ఒక మనిషి తాను చూసే వెబ్‌సైట్ల గోప్యతా విధానాలన్నీ చదవాలంటే ఏడాదికి 200 గంటల పైమాటే. జేబులో యాభై యాప్‌లు లేని రోజుల్లో వేసిన లెక్క అది. అదీ ఇంగ్లీషు వచ్చినవాడికి. వకీలు ఇంగ్లీషు ఇంగ్లీషు వచ్చినవాడికి కూడా రాదు.

2010 ఏప్రిల్ 1న బ్రిటన్‌లో గేమ్‌స్టేషన్ అనే వీడియో గేముల కంపెనీ సరదాకి తన షరతుల్లో ఒక వాక్యం చేర్చింది, కొనేవాడు తన ఆత్మను శాశ్వతంగా కంపెనీకి రాసిస్తున్నాడని. వద్దనుకుంటే టిక్కు పెట్టడానికి గడి కూడా ఇచ్చింది. ఆ ఒక్కరోజులో దాదాపు 7,500 మంది ఆత్మలు రాసిచ్చేశారు. తెల్లవాళ్ళు, వాళ్ళ భాషే, వాళ్ళ దేశమే. మరి నరసరావుపేట మిర్చి రైతును పట్టుకుని 'చదవాల్సింది' అనడానికి నోరెలా వస్తుంది?

సరే, చదివాననే అనుకుందాం. పద్దెనిమిది పేజీలు గుడ్లప్పగించి చదివాను, ఏడో పేజీలో ఉన్నది నాకు నచ్చలేదు. ఏం చేయగలను? కొట్టివేసి పక్కన పొట్టి సంతకం పెట్టనా? షావుకారుతో తాతయ్య బేరమాడగలిగేవాడు. 'ఈ ఏడు కాయ ధర పడిపోయింది, అర్ధరూపాయి తగ్గించండి' అని అరుగు కింద నిలబడి బతిమాలాడేవాడు, అప్పుడప్పుడు తగ్గించుకునేవాడు కూడా. యాప్‌తో ఎవరు బేరమాడతారు? ఒప్పుకో, లేదంటే పో. ఎక్కడికి పోవాలి? పిల్లాడి బడి నోటీసులు ఆ యాప్‌లోని గ్రూపులోనే వస్తాయి, అపార్ట్‌మెంటు నీళ్ళ ట్యాంకరు కబురు ఆ గ్రూపులోనే.

ఇలాంటి ఒప్పందాల గురించి సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసు. బలవంతుడు అచ్చేసిన కాగితం మీద చుక్కల గీత దగ్గర సంతకం పెట్టడం తప్ప బలహీనుడికి వేరే దారి లేనప్పుడు, ఆ షరతు అన్యాయమైనదైతే ప్రజా విధానానికి విరుద్ధం, చెల్లదు అంది. చదువురానివాళ్ళ నిశానీల విషయంలోనూ మన న్యాయస్థానాల మాట పాతదే: కాగితంలో ఏముందో అర్థమయ్యేలా చెప్పామని రుజువు చేసుకోవాల్సింది దానివల్ల లాభం పొందేవాడు. తాతయ్య కాలపు న్యాయం అది. కొత్త చట్టం కూడా రుజువు భారం కంపెనీ మీదే పెట్టిందని వాదించేవాళ్ళున్నారు. పెట్టింది, నిజమే. నోటీసు చూపించామని, బొత్తాం నొక్కారని కంపెనీ రుజువు చేస్తే చాలు. నొక్కినవాడికి బోధపడిందా అన్నది ఎవరూ అడగరు.

ఇంతవరకూ చెప్పింది నా బొటనవేలు సంగతి. నన్ను నిద్రపోనివ్వనిది మా బావమరిది బొటనవేలు.

ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు. నా ఫోను నెంబరు, నా పేరు, మా బంధుత్వం మా బావమరిది ఫోనులో ఉన్నాయి. వాడు ఏదో యాప్ దించుకుని 'కాంటాక్టులు చూడనివ్వండి' అన్నచోట నొక్కితే పోయింది వాడి గుట్టొక్కటే కాదు. నాది, మా చెల్లెలిది, పాలవాడిది, పురుడు పోసే డాక్టరమ్మది. వాళ్ళలో ఒక్కరైనా ఒప్పుకున్నారా? అపార్ట్‌మెంట్లో సగం మంది నన్ను ఏ పేరుతో సేవ్ చేసుకున్నారో కాలర్ పేరు చూపించే యాప్‌లు ఊరందరికీ చూపిస్తున్నాయి. 'నీ సమాచారం మీద నీదే హక్కు' అని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు దీనికి ముందు జవాబు చెప్పాలి. నా సమాచారం నా దగ్గరుంటే కదా.

దీని అంతు ఏమిటో 2020 చివర్లో హైదరాబాద్ చూసింది. లాక్‌డౌన్‌లో జీతాలు ఆగిపోయినవాళ్ళకు ఐదు నిమిషాల్లో ఐదు వేల అప్పు అన్నారు అప్పుల యాప్‌లవాళ్ళు. చేతికి మూడు వేల చిల్లర, వారంలో ఐదు వేలు కట్టాలి. కట్టలేకపోతే ఇంటికి గూండాలు రానక్కర్లేదు. ఫోన్‌బుక్కు వాళ్ళ దగ్గరుంది. పెదనాన్నకు, మేనేజరుకు, పెళ్ళి కుదిరిన పిల్ల తండ్రికి 'వీడు దొంగ' అని మెసేజీలు, మార్ఫింగ్ చేసిన ఫొటోలు. తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్‌సెంటర్ల మీద పడి అరెస్టులు చేశారు. 2021లో రిజర్వు బ్యాంకు వేసిన కార్యబృందం లెక్క తీస్తే రకరకాల యాప్ స్టోర్లలో దొరికిన అప్పుల యాప్‌లు దాదాపు 1,100. అందులో 600 దాకా అక్రమమైనవి.

ఆ చనిపోయినవాళ్ళు కూడా 'అంగీకరిస్తున్నాను' నొక్కినవాళ్ళే, సమ్మతి లెక్కలో లోపమేమీ లేదు. షావుకారు కనీసం తాతయ్య పొలం తాకట్టు పెట్టించుకున్నాడు. వీళ్ళు పరువు తాకట్టు పెట్టించుకున్నారు, అదీ చెప్పకుండా.

ఆ తర్వాత రిజర్వు బ్యాంకు చేసిన పని గమనించండి. ఈ వ్యాసంలో నేను మనసారా మెచ్చుకునేది దీన్నొక్కదాన్నే. 2022 సెప్టెంబరు 2న ఇచ్చిన మార్గదర్శకాల్లో అప్పుల యాప్‌లు ఫోనులోని కాంటాక్టులు, ఫైళ్ళు, కాల్ జాబితా తాకకూడదని చెప్పింది. 'ఖాతాదారుణ్ణి అడిగి తాకండి' అనలేదు, అసలు తాకొద్దంది. కెమెరా, మైకు, లొకేషన్ మాత్రం చేర్చుకునేటప్పుడు ఒక్కసారి, అవసరమైతే, అనుమతితో. గూగుల్ కూడా 2023లో తన ప్లే స్టోర్‌లో వ్యక్తిగత అప్పుల యాప్‌లకు కాంటాక్టులు, ఫొటోలు అందకుండా నిషేధించింది. దొంగ యాప్‌లు ఇంకా ఉన్నాయి, లింకులు పంపి దించుకోమంటాయి, నాకు తెలుసు. కానీ ఒకటి తేలిపోయింది కదా? 'సమ్మతి లేకుండా వ్యాపారమే నడవదు' అన్నవాళ్ళు కాంటాక్టులు ముట్టకుండానే అప్పులిస్తున్నారు. అంటే ఇన్నాళ్ళూ అడిగింది అవసరమై కాదు, అడిగితే ఇస్తాం కాబట్టి.

పాల సంగతి చూడండి. పాలసీసా మీద చీమతలంత అక్షరాలతో 'ఇందులో కొంత యూరియా కలిపాం, మూత తీస్తే ఒప్పుకున్నట్టే' అని అచ్చేస్తే ఊరుకుంటామా? 1954లోనే కల్తీ నిరోధక చట్టం తెచ్చుకున్నాం. కొనేవాడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కల్తీ కల్తీయే. బస్సెక్కేవాడి చేత 'బ్రేకులు లేకపోయినా నాకు సమ్మతమే' అని సంతకం చేయించుకుని ఏ డిపో మేనేజరూ బండి పంపడు. మందులకు, కరెంటు వైర్లకు, గ్యాసు బండకు అన్నిటికీ చట్టం ముందు వస్తువును పరీక్షిస్తుంది, తర్వాతే కొనేవాడి ఇష్టం. ఫోను దగ్గరకొచ్చేసరికి మాత్రం వస్తువును వదిలేసి కొనేవాడి బొటనవేలిని పరీక్షిస్తానంటుంది. ఎందుకు?

ఎందుకో చెప్పాలంటే ఈ సమాచార రక్షణ చట్టం నడిచొచ్చిన దారి చెప్పాలి. ఆ దారిలో మనవాళ్ళూ తగులుతారు. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టిన జస్టిస్ చలమేశ్వర్ 2015లో ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ను కొట్టేసిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తేల్చిన తొమ్మిది మందిలోనూ ఆయన ఉన్నారు. ఆ ఏడాదే సమాచార రక్షణ మీద శ్రీకృష్ణ కమిటీ వేశారు. అవునండీ, ఆ శ్రీకృష్ణే. 2010లో రాష్ట్రం ఉంచాలా విడగొట్టాలా అని మన ఊళ్ళన్నీ తిరిగి ఆరు దారులు చెప్పిన ఆయనే. ఈసారి 2018లో బిల్లు ముసాయిదాతో సహా ఇచ్చారు. దాన్ని దిద్దారు, పార్లమెంటులో పెట్టారు, సంయుక్త సంఘానికి పంపారు, వెనక్కి తీసుకున్నారు, మళ్ళీ రాశారు. 2023 ఆగస్టులో చట్టమైంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. అప్పుడు నోటిఫై చేసిన ప్రకారం పౌరుడికి పనికొచ్చే ముఖ్యమైన భాగాలు పద్దెనిమిది నెలలకు అమలులోకి వస్తాయి, అంటే 2027 మే. హక్కు ఉందని కోర్టు చెప్పింది 2017లో. పదేళ్ళు! ఈలోగా పుట్టిన పిల్ల నాలుగో తరగతికొచ్చి, తన పేరుతో మూడు యాప్‌లలో బొటనవేలు వేసేసింది.

అయితే అన్నీ పద్దెనిమిది నెలలు ఆగాయనుకోకండి. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చేసే సవరణ కూడా ఇందులోనే ఉంది. ప్రజాప్రయోజనం కోసమైతే వ్యక్తిగత సమాచారం ఇవ్వవచ్చన్న మాటను ఆ క్లాజులోంచి తీసేసింది అది. ఆ ముక్క మాత్రం 2025 నవంబరులోనే అమలులోకి వచ్చేసింది. మనకి ఇచ్చేదానికి ముహూర్తం కుదరలేదు గానీ, మననుంచి లాక్కునేదానికి వర్జ్యం కూడా అడ్డురాలేదు.

సరే, నష్టపోతే ఏమిస్తారు? నా సమాచారం భద్రంగా దాచలేక గాలికొదిలేసిన కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చట. వినడానికి ఘనంగానే ఉంది. ఆ డబ్బు ఎక్కడికి పోతుంది? భారత సంచిత నిధికి. అంటే సర్కారు ఖజానాకి. నాకు? సున్నా. నష్టపరిహారం మాట ఈ చట్టంలో లేదు. పైగా నిర్లక్ష్యం చేసిన కంపెనీ బాధితుడికి పరిహారం కట్టాలని ఐటీ చట్టంలో 43ఏ అనే సెక్షన్ ఉంది, దాన్నీ ఈ చట్టమే పీకేస్తోంది. నా గొడ్డును తోలుకుపోయిన దొంగ దొరికితే జరిమానా దొరగారికి, నాకు మిగిలేది గొడ్డుతాడు. ఐరోపాలో 2018లో అమలైన చట్టం నష్టపోయిన మనిషికి పరిహారం అడిగే హక్కు రాసిచ్చింది. మన పెద్దలు ఆ చట్టం చదవలేదా? అక్షరం వదలకుండా చదివే ఉంటారు, ఆ పేజీ వదిలేశారు.

నాకు డబ్బు రాకపోతే పోయె, డబ్బు పోయే ఏర్పాటు మాత్రం ఉంది. పౌరుడు అబద్ధపు, పనికిమాలిన ఫిర్యాదు చేస్తే పదివేల దాకా జరిమానా. ఫిర్యాదు పనికిమాలినదో కాదో తేల్చే బోర్డును నియమించేది కేంద్ర ప్రభుత్వం. ఆ ప్రభుత్వం నోటిఫై చేసే ప్రభుత్వ సంస్థలకు మాత్రం దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో చట్టమే వర్తించకుండా మినహాయింపు. ఒక విశేషం: ఈ చట్టంలో పౌరుణ్ణి మొదటినుంచి చివరిదాకా 'ఆమె' అని రాశారు, స్త్రీలకు గౌరవంగా. ఆమెకు పరిహారం లేదు, ఆమెకే జరిమానా. గౌరవం బాగానే ఉంది.

చట్టంలో మంచి లేదా అంటే, ఉంది. సమ్మతి స్వేచ్ఛగా, షరతుల్లేకుండా ఉండాలంది. పనికి అవసరమైన మేరకే సమాచారం తీసుకోవాలంది. వైద్యం యాప్ కాంటాక్టులు అడిగి, రోగి సరేనన్నా, వైద్యానికి అక్కర్లేదు కాబట్టి ఆ సరే చెల్లదని ఉదాహరణ కూడా ఇచ్చింది. ఆ ఉదాహరణ చదివి లేచి నిలబడి చప్పట్లు కొట్టాలనిపించింది. తర్వాత సందేహమొచ్చింది. చెల్లదని తెలిసినప్పుడు అడగనివ్వడమెందుకు? అడగడమే నేరమని ఒక్క వాక్యం రాయడానికి ఆరేళ్ళు చాలలేదా? నోటీసు మాత్రం ఇంగ్లీషులోనో ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనో కావాలంటే చూపించాలట. తెలుగులో వస్తుందన్నమాట. మంచిదే. 'మీ దత్తాంశ ప్రక్రియీకరణ నిమిత్తమై' అని మొదలవుతుంది చూడండి. తాతయ్య నోటులో తెలుగు అంతకంటే తేటగా ఉంది.

కంపెనీలను తిడుతుంటే సర్కారు నవ్వుకుంటోందేమో. సర్కారు సమ్మతి కూడా అడగదు. తెలంగాణలో రేషన్ కార్డులు దాదాపు 19 లక్షలు రద్దయితే, వాటిని మళ్ళీ గడపగడపకూ వెళ్ళి పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. రికార్డుల్ని కంప్యూటరు జతచేసి, వీడికి కారుంది, వీడికి పొలముందని తేల్చితే సరి. ఆ పేరు ఇంకెవరిదో కావచ్చన్న అనుమానం యంత్రానికి రాదు. మనిషికి వచ్చినా యంత్రం ముందు నోరెత్తడు.

ఇంకా 'నా దగ్గర దాచుకునేదేముంది, చూసుకోనీ' అనే ధైర్యవంతులున్నారు. వాళ్ళకు నా ప్రశ్న ఒకటే. అమ్మాయి సంబంధం కుదిరేదాకా పక్కింటివాళ్ళకు చెప్పరు. పొలం రిజిస్ట్రేషన్ అయ్యేదాకా అన్నదమ్ములకు చెప్పరు. పంట ఎంత వచ్చిందని దారినపోయేవాడు అడిగితే 'ఏదో, పర్లేదు' అంటారు. ఇవన్నీ ఎందుకు దాస్తున్నట్టు?

మొన్న ఒక బట్టల కొట్టుకి వెళ్ళాను. చొక్కా తీసుకుని డబ్బు ఇవ్వబోతే బిల్లు కుర్రాడు తల ఎత్తకుండా 'నెంబర్ చెప్పండి సార్' అన్నాడు.

'దేనికి బాబూ?'

'బిల్లుకి సార్.'

'డబ్బు ఇస్తున్నాను కదా, నెంబరుతో పనేముంది?'

నెంబరు కోసం పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణదారులకు చెప్పిందని కూడా చెప్పాను. నా వెనక వరుసలో ఒకావిడ నిట్టూర్చింది. మా ఆవిడ నా మోచేయి పట్టుకుని 'చెప్పేద్దురూ, ఇంటికెళ్దాం' అంది. కుర్రాడు పాపం మంచివాడే. 'నాకు తెలుసు సార్. కానీ నెంబరు లేకపోతే సిస్టం ముందుకు పోదు' అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించి, అటూ ఇటూ చూసి, తొమ్మిది మీద వేలు పెట్టి టకటకా పదిసార్లు నొక్కాడు. సిస్టం ముందుకు పోయింది.

బిల్లు ఇంకా నా జేబులోనే ఉంది. కొనుగోలుదారుడి వివరాల దగ్గర పది తొమ్మిదులు. కింద సన్న అక్షరాల్లో, షరతులన్నిటికీ కొనుగోలుదారుడు అంగీకరించినట్టు.